రెండంగుళాల కోసం పదిహేడు రోజులు

పోయినవాటి లెక్క ముందు చెబుతాను. బోల్టులు పద్నాలుగు. వాటిలో తొమ్మిది విరిగాయి, మూడింటిని కోశాను, రెండు మాత్రం ఏ గొడవా లేకుండా ఊడివచ్చాయి. రేడియేటరు కింద గొట్టం ఒకటి, డీజిలు పోసే చోట ఉండే రబ్బరు గొట్టం ఒకటి. నా కుడిచేతి ఉంగరం వేలికి గోరున్న కణుపు. మధ్యవేలు ఉంది గాని వంగదు, అందుకని దాన్ని సగం కింద రాసుకున్నాను. పద్నాలుగు వారాల పని. పికప్పు బండి ఒకటి, ఎడమపక్క రెండంగుళాలు లేచి, కుడిపక్క లేవకుండానే పోయింది. ఆదివారం ఆరాధన అయ్యాక ఒక ఇంట్లో తినే చేపల పులుసు, ఏడాదికి నలభైసార్లకు తక్కువ కాదు. నన్ను బావా అని పిలిచే గొంతు ఒకటి.

ఇవి నావి. నావి కానివి ఇంకో మూడున్నాయి. ఒకావిడ కుడి చెయ్యి, కుడి కాలు, మాట. వాటిని ఏ పద్దు కింద రాయాలో నాకు తెలియలేదు, అందుకే విడిగా రాశాను.

నేను పెద్దగా చదువుకున్నవాణ్ణి కాదు. ఇంటర్ రెండో ఏడు తప్పి, మా ఊరి పక్క రైసుమిల్లులో కాటా గుమస్తాగా పదకొండేళ్ళు చేశాను. నిండు లారీ కాటా ఎక్కితే ఒక బరువు, ఖాళీ లారీ ఎక్కితే ఒక బరువు, రెంటికీ తేడా సరుకు. నాకు వచ్చిన లెక్కలన్నీ అక్కడ సొంతంగా నేర్చుకున్నవే. 2008లో మా ఆవిడకు ఇక్కడ నర్సు ఉద్యోగం దొరికితే వెంట వచ్చాను. నాటింగ్‌హామ్ బయట ఒక కేర్‌హోమ్‌లో చేరాను. ముసలివాళ్ళను లేపడం, కడగడం, బట్టలు మార్చడం, తినిపించడం మా పని. ఆర్నెల్లకు అలవాటైంది. మగవాళ్ళనీ ఆడవాళ్ళనీ తేడా లేకుండా, మా అమ్మ వయసు తెల్లావిడలకు స్నానం చేయించి తల దువ్వేవాణ్ణి.

అక్కడ నాకంటే రెండేళ్ళు ముందు చేరిన గోదావరి జిల్లా మనిషి ఒకాయన ఉండేవాడు. మొదటిరోజు టీ గదిలో నన్ను చూసి, “ఏ ఊరు బావా మనది?” అన్నాడు. చుట్టరికం ఏమీ లేదు. అయినా ఆ రోజు నుంచి ఆయన నాకు బావ, నేను ఆయనకు బావ. ఆ వరసన ఆయన భార్య నాకు అక్క అయింది, ఆవిడ నన్ను తమ్ముడూ అనేది. వాళ్ళకు పిల్లలు లేరు. మా ఇంటికీ వాళ్ళ ఇంటికీ నడిచి పన్నెండు నిమిషాలు. రెండు మూడుసార్లు గడియారం పెట్టి చూశాను, దారిలో సిగ్నల్ పడకపోతే పదకొండు.

మాకు వారానికి మూడు లాంగ్ డేలు, పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా. నెల జీతం కాబట్టి ఒకరి బదులు ఒకరు చేసినా జీతం మారదు. ఆఫీసు గోడకు ఎవరికి ఏ రోజు డ్యూటీయో చూపే రోటా, దాని పక్కన డ్యూటీలు మార్చుకునే స్వాప్ కాగితాలు ఉండేవి. ఇద్దరూ సంతకం పెడితే మేనేజరు కాదనేది కాదు. రోటాలో ఖాళీ గడి కనబడకపోతే ఆవిడకు అంతే చాలు. మా తెలుగువాళ్ళం ఏడెనిమిది మందిమి దాన్ని చీటీలాగా నడిపేవాళ్ళం. ఈ నెల నువ్వు నా బదులు చెయ్యి, పైనెల నీకు అవసరం వచ్చినప్పుడు నీ బదులు నేను చేస్తాను. ఎవరికి ఎన్ని రావాలో, ఎవరు ఎన్ని ఇవ్వాలో నా దగ్గర ఎర్ర అట్ట పుస్తకంలో ఉండేది. అయిదేళ్ళలో ఒక్క షిఫ్టు తేడా రాలేదు. ఆ పుస్తకం మీద అందరికీ నమ్మకం, నాకు కొంచెం గర్వం.

2013లో అక్క గుండెలో వాల్వు చెడిందని తేలింది. కొత్త సంవత్సరంలో ఆపరేషన్ ఉంటుంది, తేదీ ఉత్తరంలో వస్తుంది అన్నారు. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక ఆరు వారాలు పక్కన మనిషి ఉండాలి, బరువులు ఎత్తకూడదు, మెట్లు ఒంటరిగా ఎక్కకూడదు. బావకు ఆ ఏడు సెలవులు లేవు. మే నెలలో తల్లి పోతే ఇంటికి వెళ్ళివచ్చాడు, రెండు రోజులే మిగిలాయి. సెలవుల ఏడు మళ్ళీ ఏప్రిల్‌కు గాని మారదు. జీతం లేకుండా ఆరు వారాలు కూర్చుంటే ఇంటి అద్దె కట్టలేడు.

ఆగస్టులో ఒకరోజు భోజనం దగ్గర ఆయనే లెక్క వేశాడు. వారానికి మూడు, ఆరు వారాలకు పద్దెనిమిది.

“పద్దెనిమిది కావాలి బావా. నీ పుస్తకంలో నా పేరున ఎన్నున్నాయి?”

“ఏం లేవు,” అన్నాను.

“అయితే ఎవరికన్నా సెలవు కావాలంటే నాకు చెప్పు. పండగైనా ఆదివారమైనా పర్లేదు. ఇప్పుడు నేను చేసేసి పెడతాను, అప్పుడు వాళ్ళు నాకు చేస్తారు.”

ఎవరికో ఎందుకు, నాకే కావాలి అన్నాను. నాకు నిజంగానే కావాలి.

అంతకు ముందు ఏడు వేలంలో ఒక పాత జపాను పికప్పు కొన్నాను. నడుం నొప్పి మొదలైంది, ముసలివాళ్ళను లేపే పని ఇంకెన్నేళ్ళు చెయ్యగలనో తెలియదు. బండితో ఏదైనా బతుకుతెరువు చూసుకుందామని. డెర్బీషైర్ వైపు ఒక గుర్రాల శాల ఉంది. దాన్ని నడిపే అరవై ఏళ్ళ ఆవిడ దగ్గర ఇరవై రెండు గుర్రాలు. నవంబరు నుంచి మార్చి దాకా కొండ మీది పొలానికి వారానికి మూడుసార్లు ఎండుగడ్డి తోలాలి. ఆ దారిలో ట్రాక్టరు చక్రాలు పడి రెండు గాడులు, మధ్యలో మట్టి గట్టు. నా బండి వెనక ఇరుసు మధ్యన ఉండే గేరు బుడ్డ ఆ గట్టును గీరుకుని ఆగిపోయేది. కొలిచాను. నలభై అయిదు మిల్లీమీటర్లు తక్కువ. పెద్ద టైర్లు వేసుకుని రా, చలికాలం పని నీదే అంది ఆవిడ.

పెద్ద టైరు వేస్తే పైనున్న రేకుకు తగులుతుంది. తగలకుండా ఉండాలంటే బండి బాడీని దాని కిందుండే ఇనప చట్రం, చాసిస్ నుంచి విడదీసి, మధ్యలో బోల్టు బోల్టుకూ ఒక దిమ్మ పెట్టి పైకి లేపాలి. రెండంగుళాల నైలాను దిమ్మలు పద్నాలుగు, పొడుగు బోల్టులు పద్నాలుగు, స్టీరింగు రాడ్డుకు అతుకు ఒకటి, అన్నీ కలిపి ఒక పెట్టెలో అమ్ముతారు. ఇన్సూరెన్సు వాళ్ళకు ముందే ఫోన్ చేసి చెప్పి, వాళ్ళు ఒప్పుకున్న ఉత్తరం తెప్పించుకున్నాను. గ్యారేజీ వాళ్ళు చెప్పిన ధరలో మూడోవంతుకు పెట్టె వస్తుంది. మిగిలిన రెండు వంతులూ కూలే. కూలి నేనే చేసుకుంటే సరిపోతుంది.

ఆ రోజు రాసుకున్న కాగితం ఇంకా నా దగ్గరుంది. పెట్టెకు ఇంత, టైర్లకు ఇంత, తుప్పు వదిలించే నూనెకు ఇంత. కూలి అన్న చోట సున్నా. రోజులు నాలుగు.

ఆ నాలుగు రోజులు ఎక్కడివంటే బావవి. నా సెలవు రోజుల్లో మా ఆవిడకు డ్యూటీ ఉండేది, పాపను బడి నుంచి తెచ్చేది నేనే. మా ఆవిడ ఇంట్లో ఉండే రోజుల్లో నాకు డ్యూటీ. కాబట్టి పొద్దున్నుంచి సాయంత్రం దాకా నాకు చేతులు ఖాళీ కావాలంటే నా షిఫ్టు ఎవరో ఒకరు చెయ్యాలి. బావ చేస్తాడు, ఆయనకు జమ పడుతుంది. ఇద్దరికీ లాభమే కనిపించింది. ఒక మనిషి పన్నెండు గంటలు నిలబడి చేసే పనిని నేను నా కాగితంలో సున్నా అని రాశానని అప్పుడు నాకు తట్టలేదు.

గుర్రాల శాల వెనక రేకుల కొట్టంలో సిమెంటు నేల ఉంది. ఆవిడ అక్కడ పని చేసుకోమంది. అక్టోబరు మొదటి వారంలో మొదలుపెట్టాను. రెండు రోజులు విప్పడానికే సరిపోయాయి. బాటరీ తీశాను, స్టీరింగు రాడ్డు ముడి విప్పాను, రేడియేటరు గొట్టాలు, గేరు రాడ్డు, డీజిలు గొట్టం, బంపరు. అంతా రాసుకుని, ఏ నట్టు ఎక్కడిదో సీసాల్లో వేసి పేర్లు అంటించాను. మూడోరోజు మొదటి బాడీ బోల్టుకు స్పానరు తగిలించి, దానికి ఇనప గొట్టం తొడిగి బలంగా నొక్కాను. టప్పుమని విరిగింది.

ఈ దేశంలో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. పదిహేను చలికాలాల ఉప్పు ఆ బోల్టుల్లో ఉంది. పైగా నట్టు చాసిస్ లోపల మూసేసిన పెట్టెలో ఉంటుంది, స్పానరు దూరదు. బోల్టు విరిగితే పెట్టెకు కన్నం కోసి లోపలి ముక్కను తీసి, కొత్త నట్టు పెట్టి మళ్ళీ మూయాలి. ఒక్కో విరిగిన బోల్టుకు ఒక రోజు పట్టింది. నాలుగు రోజులని రాసుకున్నది ఏడైంది, ఏడు తొమ్మిదైంది.

ప్రతి స్వాప్ కాగితం మీదా బావ సంతకం పెట్టేవాడు. “ఏంటి బావా, నీ లారీ లేచిందా?” అని అడిగేవాడు. ఇంకా లేవలేదంటే నవ్వేవాడు.

“లేవకపోతేనే మంచిది. నువ్వు పడుకోబెట్టినన్ని రోజులూ నాకు జమ. నా బ్యాంకు నువ్వే.”

తన మూడు షిఫ్టులూ, నావి రెండు, వారానికి అయిదు లాంగ్ డేలు చేశాడు రెండు నెలలు. మనిషి తగ్గాడు. కంచం ఒళ్ళో పెట్టుకుని నిద్రపోతున్నాడని అక్క మా ఆవిడకు ఫోన్‌లో చెప్పింది. నేనడిగితే ఆయనే ఎదురు హడావుడి చేశాడు. ఎంతయింది, ఎంతయింది అని. పదకొండు అన్నాను. ఇంకో ఏడు అన్నాడు, వేళ్ళు లెక్కపెట్టుకుంటూ.

ఆ పదకొండోరోజునే నాకు సంగతి తెలిసింది. బండి కింద వెల్లకిలా పడుకుని, టేపుతో గేరు బుడ్డ అడుగు నుంచి నేలకు కొలుస్తున్నాను. ఎంత కొలిచినా అంతే ఉంది. ముందువైపు ఒక మూల బాడీ అప్పటికే లేచి ఉంది. బాడీ లేచింది, చాసిస్ లేవలేదు. లేవదు కూడా. చాసిస్ ఉన్నచోటే ఉంటే దాని కింద ఇరుసూ ఉన్నచోటే ఉంటుంది. దిమ్మలు చేసేదల్లా పెద్ద టైరుకు చోటివ్వడమే. బండి అడుగును నేల నుంచి లేపేది టైరు ఒక్కటే. పాత టైరు అడ్డంగా ఏడు వందల ముప్పై నాలుగు మిల్లీమీటర్లు, కొత్తది ఎనిమిది వందల నాలుగు. తేడా డెబ్బై. నేను ఆ డెబ్బైనీ పూర్తిగా కలుపుకున్నాను, కాటా దగ్గర తేడా అంతా సరుకని రాసుకున్నట్టు. కాని టైరు పైకెంత పెరుగుతుందో కిందికీ అంతే పెరుగుతుంది. ఇరుసుకు వచ్చేది సగం. ముప్పై అయిదు. నాకు కావలసింది నలభై అయిదు.

పది మిల్లీమీటర్లు. చిటికెన వేలి మందం. బండి పూర్తయినా ఆ గట్టు దాటదు.

పైన రేకుల మీద వాన పడుతోంది. అప్పటికి ఏడు బోల్టులు పోయాయి. పాత పొడవులోనే కొత్త బోల్టులు తెప్పించి వెనక్కి బిగించినా అన్ని రోజులే పడతాయి, ముందుకు వెళ్ళినా అన్ని రోజులే. ఎటూ బండి అక్కడి నుంచి కదలాలంటే పూర్తి చెయ్యాలి. గట్టునే పారతో చెక్కుదాం అనుకున్నాను. నాలుగు వందల గజాల గట్టు. అది కూడా లెక్క కట్టాను, సిగ్గులేకుండా.

బావకు చెప్పలేదు. చెప్పి ఉంటే ఆపమనేవాడో కాదో తెలియదు, ఆయనకు కావలసింది జమ. కాని ఆ తరువాత ఆయన చేసిన ఆరు షిఫ్టులూ పనికిరాని బండి కోసమని తెలిసే సంతకాలు పెట్టించుకున్నాను. అవి వేరే గీత కింద రాయాల్సినవి.

పదిహేడోరోజు డిసెంబరు మొదటి వారం. ఎడమపక్క అయిపోయింది. కుడిపక్క బాడీ అంచు కింద జాకీ పెట్టి, రేకు సొట్టపోకుండా మధ్యలో కర్రదుంగ ఒకటి పెట్టాను. కంచె కోసం తెచ్చిన తడి కర్ర. లేపాను. సందు వచ్చింది. దిమ్మ పెట్టాను, వంకరగా కూర్చుంది. సరిచేద్దామని చెయ్యి లోపల పెట్టినప్పుడు కర్ర నిలువునా చీలింది.

నొప్పి వెంటనే రాలేదు. చెయ్యి బయటికి రాలేదన్నదే మొదట తెలిసింది. జాకీ కడ్డీ నాకు అందదు. అరిచాను. గుర్రాల ఆవిడ వచ్చి, జాకీ కిందికి రాయి తోసి, లేపి, నా చెయ్యి తీసింది. అటు చూడకు అంది. గుర్రం కాలికి చుట్టే గుడ్డతో మోచేతి దాకా చుట్టి, తన బండిలో ఆసుపత్రికి తీసుకుపోయింది. దారిలో రెండుసార్లు, నీ తప్పు కాదు అంది. ఆవిడకు లెక్క తెలియదు.

రెండు ఆపరేషన్లు చేశారు. బావ మొదటిరోజే వచ్చాడు, యూనిఫామ్ మీదే, నా షిఫ్టు ముగించుకుని. నా చేతి కట్టు వైపు చూశాడు. ఇద్దరం ఆ పనిలో ఉన్నవాళ్ళమే, ఎన్ని చేతులు ఎన్ని వారాలకు లేస్తాయో చూసినవాళ్ళం.

“జనవరి ఆఖరుకు వచ్చేస్తాను బావా,” అన్నాను.

“ఆఁ, వచ్చేస్తావులే,” అన్నాడు. దుప్పటి సరిచేసి, మంచినీళ్ళ గ్లాసు నా ఎడమచేతి వైపుకు జరిపి వెళ్ళాడు. షిఫ్టుల మాట ఎత్తలేదు.

మా పేట డాక్టరు, ఇక్కడ జీపీ అంటారు, పద్నాలుగు వారాలు పనికి పోకూడదని సిక్ నోట్ రాశాడు. అప్పటిదాకా మనుషులను ఎత్తే పని అసలు చెయ్యకూడదన్నారు.

జనవరి రెండో వారంలో అక్కకు ఉత్తరం వచ్చింది, నెలాఖరుకు ఆపరేషన్. బావ అందరినీ అడిగాడు. ఎవరూ ఆయనకు బాకీ లేరు, ఎవరి అవసరాలు వాళ్ళకున్నాయి. ఆయన రెండు నెలలు చేసిందంతా నా ఒక్కడి పేరు మీదే ఉంది. నా ఒక్కడికే ఇచ్చాడు కాబట్టి నా ఒక్కడి దగ్గరే తీసుకోవాలి. నేను ఎడమచేత్తో చెంచా పట్టుకోవడం నేర్చుకుంటున్నాను.

ఆపరేషన్ బాగా జరిగింది. మిగిలిన రెండు సెలవులూ అప్పుడే అయిపోయాయి. ఇంటికి తెచ్చాక మేనేజరు ఒక వారం జీతం లేకుండా ఇచ్చింది. రెండో వారం సోమవారం ఆయన రోటాలో ఉన్నాడు. ఆ సోమవారం పొద్దున నేను యూనిఫామ్ వేసుకుని, కట్టు మీద గ్లౌజు తొడుక్కుని, ఆయన బదులు వెళ్ళాను. ఆయనకు ముందురోజు చెప్పి ఒప్పించాను. టీలు ఇచ్చాను, ఇద్దరికి తినిపించాను. పక్క మీద ఒకాయన్ని తిప్పబోతుంటే మేనేజరు చూసింది. ఒంటిగంటన్నర. సిక్ నోట్‌లో ఉన్నవాడు వార్డులో ఉంటే హోమ్ మూతపడుతుందని, గొంతు పెంచకుండానే చెప్పి పంపేసింది. బావకు ఫోన్ చేసి రమ్మంది. నేను గేటు దాటుతుంటే ఆయన ఎదురొచ్చాడు.

“పోనీలే బావా, సగం రోజన్నా దొరికింది. అన్నం తినిపించి వచ్చాను,” అన్నాడు.

ఆయన తరువాతి లాంగ్ డే బుధవారం.

ఇక్కడ నేను రాయాల్సింది ఒకటుంది. ఆ బుధవారం నేను ఇంట్లోనే ఉన్నాను. అంతకు ముందు రోజూ ఉన్నాను, తరువాత కూడా. మా ఆవిడ డ్యూటీకి, పాప బడికి పోతే ఎనిమిదిన్నర నుంచి ఇంట్లో నేనొక్కణ్ణే. అక్క పన్నెండు నిమిషాల దూరంలో ఒక్కతే ఉంది. కుర్చీలో కూర్చుని ఆవిడ లేచినప్పుడు లేవడానికి, పడితే ఫోన్ చెయ్యడానికి రెండు చేతులు అక్కర్లేదు. సిక్ నోట్ అయిపోయేదాకా నేను ఆ పని రోజూ చెయ్యగలిగేవాణ్ణి. కాని మొగుడు లేని వేళ ఒంటరిగా ఉన్న ఆడమనిషి ఇంటికి పోయి పొద్దుగూకేదాకా కూర్చోవడం మాలో లేదు. వెళ్తే సాయంత్రం మా ఆవిడతో కలిసి వెళ్ళాలి, కూర గిన్నెతో. బావ నన్ను అడగలేదు. నేను ఉంటాననలేదు. నాకు ఆ ఆలోచన వచ్చి, వద్దనుకుని మానడం కూడా జరగలేదు. అసలు రాలేదు. బాకీ అంటే నాకు రోటాలో గడి. నా దగ్గర ఖాళీగా పడి ఉన్న గంటలు ఆ గంటలే అని తోచలేదు.

ఆ బుధవారం పొద్దున నేను ఎడమచేత్తో బాకీ తీర్చే పట్టిక రాస్తున్నాను. ఏప్రిల్ మొదటి వారం నుంచి వారానికి రెండేసి చొప్పున. తొమ్మిది వారాలు పడుతుందని తేలింది. గీతలు వంకరగా వస్తుంటే రెండోసారి రాశాను.

అక్క వంటగదిలో పడిపోయింది. మాత్రల డబ్బాలో పది గంటల గడి ఖాళీగా ఉంది, ఒంటిగంట గడిలో మాత్ర అలాగే ఉంది. ఆ రెంటి మధ్యా ఎప్పుడో. ఒంటిగంటకు బావ ఫోన్ చేశాడు, ఎత్తలేదు. నిద్రపోతోంది, లేపడమెందుకు అనుకున్నాడు. రాత్రి ఎనిమిదీ ముప్పై అయిదుకు తలుపు తీసి చూశాడు.

మెదడులో రక్తం గడ్డకట్టింది అన్నారు. వెంటనే తెచ్చి ఉంటే అని బావ అడిగాడట. మొదటి కొద్ది గంటల్లో అయితే కొంత చెయ్యవచ్చు, కాని గుండె ఆపరేషన్ కొత్తగా అయినవాళ్ళకు గడ్డ కరిగించే మందు ఇవ్వలేకపోవచ్చు కూడా అన్నారు. కాబట్టి నా వల్ల ఎంత పోయిందో కచ్చితంగా చెప్పే అంకె ఎవరి దగ్గరా లేదు. అది నాకు ఊరట అవుతుందని ఒకరిద్దరు అన్నారు. నాకు కాలేదు.

ఆ వారం ఒకరోజు అన్నం పెడుతూ మా ఆవిడ, “మీరు ఇంట్లోనే ఉన్నారుగా,” అంది.

“ఒక్కతే ఉన్న ఇంట్లో నేనెలా కూర్చుంటాను?”

“అక్కా అని పిలుస్తారుగా.” నా కంచంలో కూర వేసి, “నేను మాత్రం అన్నానా. నాకూ తోచలేదు,” అంది.

మార్చిలో నా కట్లు పూర్తిగా విప్పారు. అదే నెలలో బావ ఉద్యోగం మానేశాడు, అక్కను ఆసుపత్రి నుంచి ఇంటికి పంపించారు. గుర్రాల ఆవిడ చలికాలం పని ట్రాక్టరు ఉన్నవాడెవరికో ఇచ్చింది, ఇవ్వక ఏం చేస్తుంది. బండిని తుప్పు సామానువాడు గొలుసు వేసి లాక్కుపోయాడు. ఒక పక్కకు ఒరిగి ఉండటం వల్ల లారీ మీద సరిగా నిలవలేదని విసుక్కున్నాడు.

మళ్ళీ డ్యూటీలో చేరాక వచ్చిన మొదటి సెలవు రోజున పుస్తకం తీసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. అక్క కిటికీ దగ్గర కుర్చీలో ఉంది. బావ టీ పెట్టాడు. నేను దారిలో అనుకున్నదంతా ఒక్కసారిగా చెప్పేశాను. నా సెలవు రోజుల్లో నేను వచ్చి పన్నెండేసి గంటలు ఉంటాను, నువ్వు బయటికి వెళ్ళు, పార్ట్‌టైమ్ ఏదన్నా చూసుకో, లేదా పడుకుని నిద్రపో. కడగడం, మార్చడం, తినిపించడం, అన్నీ నాకు వచ్చినవే.

బావ ఆవిడ వైపు తిరిగి, “తమ్ముడు వచ్చి ఉంటానంటున్నాడు. ఉండమందామా?” అని అడిగాడు.

అక్క నన్ను చాలాసేపు చూసింది. కోపం లేదు. ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తి ఒళ్ళో పెట్టుకుని, దాని మీదికి శాలువ లాక్కుంది. తల అడ్డంగా ఊపింది.

“నువ్వు చేసేవాడివని తెలుసు,” అన్నాడు బావ. “నీ చేత చేయించుకోవడం ఆవిడ వల్ల కాదు బావా.”

“అయితే షిఫ్టులు ఎలా తీర్చను?”

“ఎక్కడ తీరుస్తావు? రోటాలో నా పేరు లేదుగా.”

డబ్బు రూపంలో ఇస్తానన్నాను, గంటకు ఇంతని. ఆయన కప్పులు తీసుకుని వంటగదిలోకి వెళ్ళాడు. నీళ్ళ చప్పుడు వినబడింది. అక్కా నేనూ ఇద్దరమే ఆ గదిలో రెండు మూడు నిమిషాలు ఉన్నాం. ఏమీ కాలేదు. అది అంత తేలిక.

ఆ తరువాత చర్చిలో కనబడినప్పుడు ఆయన, “బాగున్నారా బ్రదర్,” అన్నాడు. నేను కూడా బ్రదర్ అన్నాను. మరుసటేడు వాళ్ళు లీడ్స్‌కు మారిపోయారు, అక్క చెల్లెలు అక్కడుంది. నేను ఇంకా కేర్‌హోమ్‌లోనే చేస్తున్నాను. స్వాప్ పుస్తకం ఇప్పుడు వేరేవాళ్ళు చూస్తున్నారు, నేనే ఇచ్చేశాను. ఇచ్చేముందు అందరి పద్దులూ సరిచేసి మూశాను, ఒకటి తప్ప.

ఆయన నా బదులు చేసినవి పదిహేడు, పన్నెండేసి గంటలు. మొత్తం రెండు వందల నాలుగు. నేను తిరిగి ఇచ్చింది ఒక సోమవారం ఎనిమిది నుంచి ఒంటిగంటన్నర దాకా, అయిదున్నర. ఈ రోజుకు ఇంకా ఇవ్వాల్సింది నూట తొంభై ఎనిమిదిన్నర గంటలు.